మా ఎం.డి. జవాబు చెప్పని పది ప్రశ్నలు: సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల దారిలో

నాకు ప్రయాణాలంటే పడదు. ఇంటి ఇడ్లీ, ఆఫీసు కుర్చీ ఉంటే చాలు. పశువుల టీకాలు తయారుచేసే కంపెనీలో కోల్డ్ స్టోరు నా బాధ్యత. తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. మా కంపెనీ పత్రికవాళ్లు ఎం.డి. సులోచన మేడమ్ దగ్గర నాయకత్వ పాఠాలు రాబట్టమని పది ప్రశ్నలున్న కాగితం నా చేతిలో పెట్టారు. ఆవిడ ఆఫీసులో దొరికితే కదా! ‘‘పెగడపల్లి పక్క ఊరికి గొర్రెల టీకా తీస్కపోతున్న, బండ్లె అడుగు’’ అన్నారు. వానలు పడి లేత గడ్డి మొలిస్తే గొర్రెలకు చిటుకు రోగం వస్తుంది. పొద్దున మేసిన గొర్రె సాయంత్రానికి ఉండదు. ఆలోపే సూది పడాలి. అలా నేనూ బండెక్కాను.

పొద్దున అయిదున్నరకు హైదరాబాదులో బయలుదేరాం. వెనక రెండు ఐస్ పెట్టెలు. ఒకటి ముందురోజు మా అసిస్టెంటు సర్దింది, రెండోది తెల్లవారుజామున నేనే హడావుడిగా సర్దాను. సిద్దిపేటలో ఇరవై రూపాయలకు పెట్టిన ఇడ్లీ, పల్లీ చట్నీ గురించి ఒక పేజీ రాయగలను కానీ ఆపుతాను. అక్కడ ఆగి తినకుండా పోకండి, అంతే. మొదటి ప్రశ్న ‘మీ విజయ రహస్యం ఏమిటి?’ అని అడిగితే మేడమ్ చట్నీ ఇంకొంచెం వేయించుకుని, ‘‘తిను ముందుగాల’’ అన్నారు.

తొమ్మిదిన్నరకు సిరిసిల్ల పొలిమేరలో బండి ఆగింది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఇటు బస్సులు, అటు లారీలు, మధ్యలో గుండిగల్లో అన్నం ఉడుకుతోంది. డప్పులు, జెండాలు, నవ్వులు... ధర్నానా, పెళ్లా అని నాకు అనుమానం వచ్చింది. నేను మాత్రం కంపెనీ ముద్ర ఉన్న ఉత్తరం పట్టుకుని దిగి, ‘‘ఇది అత్యవసరం, దారి ఇవ్వండి’’ అని గొంతు పెంచాను. అన్నం కలియబెడుతున్న లచ్చవ్వ అనే పెద్దావిడ గరిటె పక్కన పెట్టింది.

‘‘గా కాయిదం సూపిస్తె పొయ్యి జరుగుతదా సారు? పన్నెండింటిదాంక ఏ బండీ కదలది. ఆకలైతె కూసో, తిని పో.’’

అందరూ ఘొల్లున నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఈలోగా మేడమ్ కొంగు బొడ్లో దోపుకుని వచ్చి, ‘‘వంకాయలు ఎవలు కోస్తున్నరు అవ్వా? నాకో కత్తిపీట ఇయ్యి’’ అంటూ చతికిలబడ్డారు. ఆవిడది గొల్లపల్లి దగ్గర కూలీ కుటుంబం. తల్లి వెంట నాట్లకు పోతూ చదువుకున్నారు. ఆ యాస వినగానే అక్కడివాళ్ల ముఖాలు మారిపోయాయి. వంకాయల బుట్ట సగం అయ్యేసరికి, పెట్టెల్లో ఏముందో, ఎక్కడికి పోతున్నామో అందరికీ తెలిసిపోయింది.

‘‘అయ్యో, మందు ఎండల ఉంచుతరా!’’ అని లచ్చవ్వే రెండు పెట్టెలనూ పక్కనున్న మరమగ్గాల షెడ్డులో నీడకు పెట్టించింది. మేడమ్ చేతులు కడుక్కుని వచ్చి నేను సర్దిన పెట్టె మూత తీశారు. అంచున ఉన్న సీసాల మీద మంచు పేరుకుని ఉంది. డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాకులను కాసేపు బయట ఉంచాలి. పైన చెమట పట్టి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు రావాలి. అప్పుడే పెట్టెలో పెట్టాలి. లేకపోతే టీకా గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది. కొత్తగా వచ్చినవాళ్లకు ఆ పాఠం చెప్పేది నేనే! ఆ తెల్లవారుజామున మాత్రం రాయిలా ఉన్న ప్యాకులను అలాగే దోపేశాను.

‘‘అంచువి పోయినా మధ్యవి బాగానే ఉండొచ్చు మేడమ్’’ అని గొణిగాను.

‘‘ఉండొచ్చు అంటె నడువది. ఊపి సూద్దాం. గడ్డకట్టిన మందైతె జల్ది అడుక్కు దిగుతది.’’

మధ్య వరుసలోంచి ఒక సీసా, మంచి పెట్టెలోంచి ఒక సీసా తీసి, రెండింటినీ బాగా ఊపి బల్ల మీద పక్కపక్కన పెట్టారు. బంద్ కాబట్టి మగ్గాలు ఆగి ఉన్నాయి, బల్ల కొంచెం కూడా కదలలేదు. నేత కార్మికులు చుట్టూ మూగి, ఏ సీసా గెలుస్తుందో పందేలు కాశారు. అరగంటకు మంచి సీసా ఇంకా పాలలాగే ఉంది. నాదానిలో మాత్రం పైన నీళ్లు తేలి, అడుగున పలుకులు దిగాయి. అంటే పెట్టె మొత్తం దండగ. సగం మందలకే సూది.

పన్నెండు దాటాక ఆకుల్లో అన్నం, వంకాయ కూర, పచ్చిపులుసు పెట్టారు. పైసా తీసుకోలేదు. ఎవరో మా నంబరు ప్లేటు మీద ఏపీ చెరిపి టీజీ అని రాశారు. కోరుట్ల దగ్గర రోడ్డు మీద కూర్చున్నవాళ్లకు ఫోన్ చేసి, ‘‘గొర్ల మందు బండి అత్తాంది, ఆపకుండ్రి’’ అని చెప్పారు. జై తెలంగాణ అంటూ మమ్మల్ని సాగనంపారు. నేను కూడా అరిచాను, గట్టిగానే.

వేములవాడ దాటాక నోరు జారాను. ‘‘మేడమ్, పాడైన సీసాలు చూడ్డానికి మంచివాటిలాగే ఉంటాయి. అన్నీ వేసేస్తే ఎవరికి తెలుస్తుంది?’’

‘‘గొర్రెకు తెలుస్తది’’ అన్నారు. ‘‘నౌకర్ల చేరిన మొదటేడు నేనూ గిట్లనే గడ్డకట్టిన మందు ఒక ముసలాయన గొర్లకు ఏసిన. నోరు మూసుకున్న. వానలు పడ్డంక పోతె, ఆ ముసలాయన ఖాళీ దొడ్డి ఊడుస్తున్నడు. నాకే చాయ్ పోసిండు.’’

కోరుట్లలో సూదులు వేసే పశువైద్య సహాయకుడి కోసం ఆగాం కానీ, మీకు ఆ పని లేకపోతే సిరిసిల్ల నుంచి పెగడపల్లికి ఇంత చుట్టు తిరగక్కర్లేదు. జగిత్యాల మీదుగా ఊరు చేరేసరికి మూడున్నర. గొర్ల కాపరుల పెద్ద కొమురయ్య మందలన్నీ తోలించి, పొద్దుటి నుంచి ఎదురుచూస్తున్నాడు. మేడమ్ దిగుతూనే అందరికీ వినబడేలా చెప్పారు. ‘‘సగం మందు గడ్డగట్టి ఖరాబైంది. తప్పు నాది. ఇయ్యాల సగం మందలకే ఏస్తం.’’

ఆ మాట విని ఊరుకోలేకపోయాను. ముందుకు వచ్చి, ‘‘మేడమ్‌ది కాదు, నాది. ఆ పెట్టె సర్దింది నేను’’ అన్నాను. కొమురయ్య నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

‘‘గిన్నేండ్ల సంది మందు పనిజెయ్యకుంటె మా గొర్లదే తప్పన్నరు. మందుదే తప్పని జెప్పినోళ్లు మీరే మొదలు. సరే, చెరువు శిఖంల, నీళ్లు తీసిన నేలల మేసేటి మందలకు ముందు ఎయ్యుండ్రి. ఆడనే గడ్డి ముందుగ లేస్తది. నా మంద ఆఖర్న.’’

మూడో రోజు నేనొక్కడినే బస్సులో కొత్త పెట్టెతో బయలుదేరాను. సిరిసిల్లలో దీక్షా శిబిరం దగ్గర లచ్చవ్వ పట్టుకుంది. మూత తీయించి, మొన్న షెడ్డులో మేడమ్ చెప్పినట్టే ఒక ప్యాకు తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. ‘‘ఆ, నీళ్ల చప్పుడు అత్తాంది. ఇగ నడువు కొడుకా!’’ బస్సంతా నవ్వింది. సాయంత్రానికి కొమురయ్య మందకు కూడా సూదులు పడ్డాయి. వానలు పడి గడ్డి లేచాక ఆయనే ఫోన్ చేశాడు. ఏమీ చెప్పకుండా ఫోను మంద వైపు తిప్పాడు. ఒకటే అరుపులు, గంటలు. కోల్డ్ స్టోరు బయట నిలబడి చాలాసేపు విన్నాను. సంతోషంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

పది ప్రశ్నల కాగితం ఖాళీగానే తిరిగి ఇచ్చాను. పత్రికవాళ్లు విసుక్కున్నారు. పాపం, వాళ్ల తప్పేం లేదు. ‘తప్పు నాది’ అన్న రెండు మాటలతో ఒక పేజీ ఎలా నింపుతారు? చేయని తప్పుకు ఆవిడ ఆ మాట అంత తేలిగ్గా ఎలా అన్నారో అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. నేను చేసిన తప్పును నేను ఒప్పుకున్నది ఆవిడ ఆ మాట అన్నాకే.

అటు వెళ్లేవారికి ఒక సూచన. దారిలో వంటావార్పు తగిలితే కాగితాలు చూపించకండి, కత్తిపీట అడగండి. మందో మాకో తీసుకెళ్తుంటే ఐస్ ప్యాకు చెవి దగ్గర పెట్టి ఊపి చూసుకోండి. మీరు మరిచిపోయినా సిరిసిల్లలో లచ్చవ్వ ఊపుతుంది.