ఆవనూనె ఇంటి పిల్ల

ఆదోని పత్తిమిల్లులో పనికని బీహార్ నుంచి వచ్చి, మా పక్కగదిలో అద్దెకు దిగినవాళ్ల బిడ్డ ఆ పిల్ల. తల్లికి తెలుగు రాదు, గదులు అద్దెకిచ్చిన ఇంటామెకు హిందీ రాదు. ఎవరేమన్నా ఈ పిల్లే జడకొస నోట్లో పెట్టుకుని, కాసేపు నమిలి, రెండోవాళ్లకు వాళ్ల భాషలో చెప్పేది.

ఒకరోజు తల్లి పకోడీలు వేయిస్తుంటే ఇంటామె గుమ్మంలోకొచ్చి గద్దించింది. "ఆవనూనె కంపుకు తల తిరుగుతాండాది. రేపే గది ఖాళీ చేయమని చెప్పు మీ యమ్మకు!"

పిల్ల జడకొస నమిలింది. "నీ పకోడీల వాసన శానా బాగుందంటమ్మా, రెండు పెట్టమంటాంది" అని తల్లికి హిందీలో చెప్పింది. సాయిబుల ఇండ్ల మధ్య పెరిగినదాన్ని, ఆ హిందీ నాకు అర్థమై, నవ్వు కనపడకుండా చేతిలోని చేటతో మొహం దాచుకున్నాను.

తల్లి మురిసిపోయి పళ్లెం నిండా తెచ్చింది. "ఈ పిసినారికి ఇన్నాళ్లకు రుచి తెలిసింది" అంది.

"ఏమంటాందే?" అని ఇంటామె పిల్లను అడిగింది.

"తప్పయిందంట పెద్దమ్మా. కోపం పెట్టుకోకుండా తినమంటాంది."

పళ్లెం ఖాళీ అయింది, గది కాలేదు. ఆనాటి నుంచి ఇంటామె వీధంతా ఒకటే పొగడ్త. "ఆ పిల్ల ఒక్క మాట మార్చదు!"

యాభై దాటాక నేను బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నాను. విన్నది విన్నట్టే రాయమని పంతులమ్మ చెప్పినప్పుడల్లా నా చెయ్యి జడకొస మీదికి పోయేది.