టార్చి మావయ్య ఒప్పుకోవాలి

మా మావయ్యకు ఒకటే జబ్బు. ఏ వస్తువు పాడైపోయిందన్నా నమ్మడు. జేబులోంచి టార్చి తీసి, దాని లోపలికి వేసి చూసి, తాను ఒప్పుకుంటేనే అది పాడైనట్టు. ఒప్పుకున్న దాఖలా నాకు తెలిసి లేదు. అందుకే వీధి వీధంతా, వరసైనా కాకపోయినా, ఆయన్ని టార్చి మావయ్య అనే పిలుస్తుంది.

మా నాన్న పాత మిక్సీని చెత్తలో పడేస్తే, మావయ్య దాన్ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చి, టార్చి వేసి చూసి, "ఊపిరుంది బావా, తొందరపడ్డావు" అన్నాడు. ఆ మిక్సీ ఇప్పటికీ తిరుగుతుంది. కాకపోతే ఒకరు మూత అదిమిపట్టి నిలబడాలి. వాళ్లింట్లో గొడుగు విప్పడానికి ఇద్దరు కావాలి. ఈ ఇంట్లో చావాలన్నా మీ మావయ్య ఒప్పుకోవాలి అని అత్తయ్య వచ్చినవాళ్లందరికీ చెబుతుంది.

అలాంటి మనిషి ఇంట్లో టీవీ చెడిపోయింది. చెడక చెడక మా చెల్లి వాలీబాల్ ఫైనల్ ఆడే రోజే చెడింది. మాట వస్తోంది, బొమ్మ లేదు. మేమైతే విని సరిపెట్టుకుందుం. కానీ మా అమ్మమ్మకు చెవులు బొత్తిగా వినపడవు. పైగా కాలు విరిగి మంచం మీద ఉంది. మనవరాలి ఆట చూడాలని పొద్దున్నే జడ వేయించుకుని, దిండుకు చేరబడి, ఆ నల్లటి తెర వంకే చూస్తోంది. ఆట వచ్చేది కేబుల్లో మాత్రమే, ఫోనుల్లో రాదు. పక్కింటి టీవీ గోడకు అతుక్కుని ఉంది, అమ్మమ్మ మంచానికి. రెండూ కదలవు.

మెకానిక్ వచ్చాడు. రిమోట్ నొక్కాడు, టీవీ వీపు తట్టాడు, తెర పోయిందండీ, కొత్తది కొనుక్కోవడమే అని సంచి సర్దుకున్నాడు. మావయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"టార్చి వేసి చూశావా?"

"వెలిగే వస్తువుకి టార్చి ఎందుకండీ?"

మావయ్య కిటికీలకు దుప్పట్లు కట్టించి గది చీకటి చేయించాడు. టార్చిని తెరకు బాగా దగ్గరగా, ఏటవాలుగా పెట్టాడు. అరచేయంత మేర, మసకమసకగా, వార్తలు చదివే అమ్మాయి ముక్కూ పెదాలూ కనిపించాయి.

"బొమ్మ బతికే ఉంది. వెనకాల దీపాలు ఆరిపోయాయి. అంతేనా?"

మెకానిక్ తల గోక్కున్నాడు. అంతేనండీ, బ్యాక్‌లైటు పోయింది, లైట్ల పట్టీ మారిస్తే సరి, కాకపోతే అది వచ్చే వారానికి గానీ దొరకదు అన్నాడు. ఆట ఇంకాసేపట్లో మొదలు. ఎవరు గెలిచారో తర్వాత సైగ చేసి చెబుదాం, వదిలెయ్యండి అంది అత్తయ్య. మావయ్యకు కోపం రావడం నేను అప్పుడే చూశాను.

"అమ్మకి ఎలాగూ వినపడదు. కనపడేది కూడా మనమే ఆపేస్తామా? నేనొప్పుకోను."

ఆట మొదలైంది. మావయ్య తెర పక్కన నిలబడి బంతి ఎటు పోతే అటు టార్చి తిప్పాడు. ఆయన చేరేసరికి బంతి ఇంకెక్కడో ఉండేది. మాకు కనిపించినవల్లా నెట్టు, ఎవరిదో మోచెయ్యి, రిఫరీ బట్టతల. "ఒరేయ్, ఆ బంతిని వదిలేసి పిల్లని చూపించరా" అని అమ్మమ్మ కసిరింది.

ఆ తర్వాత టార్చి చెల్లిని వదల్లేదు. ఎగిరినా, పడినా, పక్కన కూర్చుని నీళ్లు తాగినా వెలుతురు దాని మీదే. మావయ్య చెయ్యి మార్చి చెయ్యి పట్టుకుంటూ చెమటలు కక్కుతున్నాడు. అత్తయ్య స్టూలు తెస్తే, కూర్చుంటే అందదని తోసేశాడు. వెళ్లిపోవాల్సిన మెకానిక్ కూడా ఫోను లైటు వేసి రెండో పక్కన నిలబడ్డాడు. దాంతో చెల్లి నడుము దాకా కనిపించింది.

ఓడిపోయారు. టీవీ ఆ సంగతి గట్టిగానే చెప్పింది. చెల్లి మొహం తుడుచుకుని, గెలిచిన పిల్లలకు చెయ్యి కలిపి, తలెత్తుకుని బయటికి నడిచేదాకా మావయ్య వెలుతురు తియ్యలేదు. అత్తయ్య దుప్పట్లు విప్పగానే, ఎవరూ నోరు మెదపొద్దని మా అందరికీ కళ్లెర్రజేశాడు.

"ఓడిపోయారని తెలుసులేరా. మీ మొహాలే చెబుతున్నాయి" అంది అమ్మమ్మ. మావయ్యను మంచం పక్కన కూర్చోబెట్టుకుని, తిమ్మిరెక్కిన ఆ చెయ్యి ఒళ్లోకి తీసుకుని నెమ్మదిగా పిసకసాగింది.

"పిల్ల ఇంటికొచ్చేసరికి ఏడుపు మొహాలతో ఎవరూ ఎదురు రాకండి. బ్రహ్మాండంగా ఆడింది. నేను కళ్లారా చూశాను."