నీళ్లు ఎటు నుంచి వచ్చినయ్

కాలేజీ ప్రాజెక్టు కోసం ముగ్గురం కలిసి ఒక గేమ్ చేస్తున్నం. గోదావరి ఒడ్డున ఒక ఊరు. అది డ్యాం నీళ్లల్ల మునిగేలోపు ఆడేటోడు బయటపడాలె. ఊరి మ్యాప్ మా టీంల స్రవంతి గీసింది. వెల్గటూర్ దిక్కు మునిగిపోయిన వాళ్ల అమ్మమ్మ ఊరే అది.

ఇయ్యాల పొద్దుగాల కోరుట్లల స్రవంతి వాళ్లింట్ల కూసొని ఒక బగ్ సరిచేస్తున్న. నీళ్లు నది దిక్కు నుంచి రావాలె గని, చప్పుడు లేకుంట ఇండ్ల లోపట నేలల నుంచి ఊరుతున్నయ్. రేపే సబ్మిషన్. నాకు చిరాకు లేస్తున్నది.

ఎనుక నిలబడి చూస్తున్న స్రవంతి అమ్మమ్మ, "గట్లనే ఉంచు బిడ్డా" అన్నది. "మాకు గట్లనే వచ్చినయ్. ముందుగాల బాయి నిండింది. తర్వాత పొయ్యికాడ నేల తడిసింది. నది దిక్కు చూసుకుంట కూసున్నోళ్లకు ఎరుకనే కాలే."

నేను కీబోర్డు మీదికెంచి చెయ్యి తీసిన. ఆమె స్క్రీన్ దగ్గరికి వంగి, అరుగుల మీద కూసున్న బొమ్మలను ఒక్కొక్కటే చూసింది.

"గీళ్లకు చెప్పిన్రా?"

ఊరు నిండుగ కనవడాలని పెట్టిన బొమ్మలు అవి. పదకొండు మంది. ఒక్కళ్లకు కూడ మాటలు రాయలే. లేచి నడిచే కోడ్ అసలే రాయలే.

బగ్ గట్లనే ఉంచిన. సార్ దాన్ని తప్పే అంటడు, అననీయ్. సాయంత్రం నుంచి నీళ్లు వదులుతున్న, ఆపుతున్న. వాళ్లు మాత్రం నది దిక్కే చూస్తున్నరు. రేపటిలోపు వాళ్లల్ల ఒక్కళ్లకు నీళ్ల సంగతి చెప్పేటంత కోడ్ రాసే టైమే ఉన్నది.

మీరైతే ఎవలికి చెప్తరు?