తక్కువ మార్కులొచ్చిన బొమ్మ కార్లు

మా ఆయన పోయాక నందిగామ బస్టాండు వెనక వీధిలో వీడియో గేముల కొట్టు పెట్టాను. అక్షరం ముక్క రానిదానివి, టీవీ ఆటలు నీకేం తెలుసన్నారు అందరూ. ఎవరు నవ్వుతూ ఆడుతున్నారో, ఎవరు మొహం మాడ్చుకుని వెళ్లిపోతున్నారో చూడటానికి చదువెందుకు? ఇది కూడా నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది.

అప్పటికి రెండు వేల సంవత్సరం దాటింది. కొట్లో ఒకటే టీవీ, ఇద్దరు ఆడుకునే ఏర్పాటు. పోట్లాటలు రాకుండా నేనో పద్ధతి పెట్టాను. గెలిచినవాడు కూర్చుంటాడు, ఓడినవాడు లేస్తాడు, వంతు కోసం నిలబడ్డవాడు అక్కడికొస్తాడు.

అందరూ మెచ్చుకుంటున్నారని నిజం కార్లలాంటి కార్ల పందెం ఒకటి తెచ్చాను. అదే నా పొరపాటు. డిగ్రీ కుర్రాడొకడు దాన్ని ఆపోసన పట్టాడు. వాడు కూర్చుంటే లేచేది లేదు. మిగతావాళ్లు, "ఓడిపోవడానికి మేమెందుకాంటీ?" అని రావడం మానేశారు.

గది మాకూ మా మరిదికీ ఉమ్మడిది. అతనికి పురుగుమందుల వ్యాపారం. ఒకరోజు గుమ్మంలో నిలబడి ఖాళీ బెంచీలు చూశాడు.

"వదినా, దసరా దాకా చూస్తా. అప్పటికీ నువ్విట్టాగే ఈగలు తోలుకుంటా ఉంటే నా మందు డబ్బాలు ఇక్కడ దించేస్తా."

"దించుదువుగాన్లే, దసరా రానీ" అన్నాను.

మర్నాడే బస్సెక్కి జగ్గయ్యపేటలో సీడీలమ్మే ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన టీవీలో కోడి, పంది, ఎలుక బుల్లి కార్లెక్కి పోతున్నాయి. చూస్తుంటేనే నవ్వొచ్చింది. అది కావాలన్నాను.

"వద్దండమ్మా, దీన్ని పత్రికలో ఏకిపారేశారు" అని ఓ ఇంగ్లీషు పుస్తకం తీసి, చదివి తెలుగులో చెప్పాడు. బొమ్మలు ముద్దుగా ఉన్నాయట, రంగులు బాగున్నాయట. కానీ నేర్పుకు విలువ లేదట. వెనకబడ్డవాడికి తేనెటీగలు దొరుకుతాయట, వాటిని ముందున్నవాడి మీదికి వదలొచ్చట. ఎంత బాగా తోలినా ఆఖరి మలుపులో ఓడిపోవచ్చట.

"ఆ చివరి ముక్క మళ్లీ చెప్పండి."

"ఎంత బాగా తోలినా ఓడిపోవచ్చన్నాడండి. మార్కులు కూడా బాగా తక్కువేశాడు."

"అయితే అదే ఇవ్వండి."

ఆయన నావైపు అదోలా చూసి సీడీ కట్టిచ్చాడు.

ఆట పెట్టిన రోజు డిగ్రీ కుర్రాడే ముందు కూర్చున్నాడు. పక్కన మా వీధి చివర ఇడ్లీ బండామె కూతురు. వాడి పంది అందరికన్నా ముందు పోతోంది. ఆఖరి మలుపులో ఆ పిల్ల తేనెటీగలు వదిలింది. పంది గిరగిరా తిరిగి గడ్డివాములో పడింది. ఆ పిల్ల కోడి గెలిచింది.

"ఇదేం ఆట ఆంటీ! ఇదంతా లక్కు! పత్రికలో కూడా రాశారు."

"రాశార్లే. లే నాయనా, అవతల నిలబడ్డారు."

కొట్టంతా గొల్లుమంది. వాడు లేచాడు, మళ్లీ వరసలో నిలబడ్డాడు. అలా అందరికీ లేచే వంతూ వచ్చింది, కూర్చునే వంతూ వచ్చింది. కుట్టు నేర్చుకునే ఆడపిల్లలు కూడా క్లాసయ్యాక రావడం మొదలుపెట్టారు.

పత్రికలో రాసినాయన అబద్ధం రాయలేదు. ఆయన ఇంట్లో ఒక్కడే కూర్చుని ఆడి ఉంటాడు. వంతు కోసం గుమ్మంలో తొక్కుకునేవాళ్లు ఆయనకు లేరు, నాకున్నారు.

దసరాకు మా మరిది టేపు పట్టుకుని గది కొలవడానికి వచ్చాడు. లోపలికి రావడానికి సందు లేదు.

"వదినా, వీళ్లని కాస్త జరగమను."

"బాబాయ్, లైన్లో రండి!" అని పిల్లలు అరిచారు.

"ఏందిరా లైను? ఈ గది నాది!"

"సగం నీదే, నేను కాదన్లా" అన్నాను. "కొట్టు మాత్రం నడుస్తోంది. చూస్తున్నావుగా."

కాసేపు అక్కడే నిలబడి పందెం చూశాడు. ఎలుక గెలిచేసరికి నవ్వాపుకోలేకపోయాడు, టేపు జేబులో పెట్టేసుకున్నాడు. ఆ వారమే తన డబ్బాలకు చందర్లపాడు రోడ్డులో వేరే గది మాట్లాడుకున్నాడు. నేను రెండో టీవీ తెచ్చుకున్నాను.