దారం తెంపని పరుగు

మాది జమ్మలమడుగులో మగ్గం నేసే ఇల్లు. నాయన వీధి పొడవునా పడుగు దారాలు సాగదీసి కట్టేవాడు. బడికి పోవాలంటే వాటి కింద వంగి దూరాల్సిందే. ఒక్క పోగు తెగినా "కండ్లు యాడ పెట్టుకోని నడుస్తాండావే?" అని అరిచేవాడు.

ఏడెనిమిదేళ్ల కిందట ప్రొద్దుటూరులో డిగ్రీ చదువుతూ, మొదటిసారి కాలేజీల పోటీల్లో వంద మీటర్లు పరిగెత్తాను. అందరికంటే ముందున్నాను. ముగింపు గీత దగ్గర అడ్డంగా పట్టుకున్న తెల్లదారం కనబడగానే కాళ్లు నెమ్మదించాయి, నడుము దానంతటదే వంగింది. నేను కింద దూరేలోగా వెనకున్న అమ్మాయి దాన్ని తెంచుకుని పోయింది. మైదానమంతా ఒకటే నవ్వు. "ఏందమ్మా, ముండ్లకంచె అనుకుంటివా?" అని మా పీడీ సారు తల పట్టుకున్నాడు.

ఇంటికొచ్చి ఏడుస్తూ చెప్పాను. నాయన నవ్వలేదు. పడుగు దగ్గరికి పిలిచి ఒక పోగు చూపించాడు. "తెంపు పాపా, నేను అతికిచ్చుకుంటాలే." నాకు చేతులాడలేదు. ఆయనే నా చెయ్యి పట్టి తెంపించాడు.

మరుసటేడు పులివెందుల పోటీల్లో మొదటొచ్చాను. తెగిన దారం ముక్క తెచ్చిస్తే నాయన వేళ్లతో నలిపి చూసి, "నాసి నూలు" అన్నాడు. అంటూనే మగ్గం గుంజకు ముడేశాడు.

తర్వాత పతకాలు శానా వచ్చాయి. కానీ మగ్గం అమ్మేసిన రోజు నాయన దాన్నుంచి విప్పి తెచ్చుకున్నది ఆ ముక్క ఒక్కటే.