ఓడినవాళ్ళే మంచు ఎత్తాలి

పొద్దున్నే కాఫీ కలుపుకుని ఫోనులో పాత పాటలు వింటూ కూర్చుంటే, మంచి చరణం మధ్యలో పాటను తెగ్గొట్టి, నా మనవడి ఈడు హీరో ఒకడు ఊడిపడి, రమ్మీ ఆడండి, ఆడండి అంటూ నన్ను బతిమాలాడు. ఎవరితో ఆడమంటావు నాయనా, అని పైకే అనేశాను. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేనప్పుడు పైకి అంటే ఏం, లోపల అనుకుంటే ఏం. కిటికీలోంచి చూస్తే రాత్రంతా కురిసిన మంచు వాకిట్లో మోకాలెత్తున పేరుకుని ఉంది.

పేకాట అంటే మన ఊళ్ళలో మగవాళ్ళ వ్యసనం, ఆడవాళ్ళ ఏడుపు. కెనడాలో ఈ ఒషావా ఊళ్ళో మాకు మాత్రం అది శనివారం మధ్యాహ్నపు కాలక్షేపం. నిజం చెప్పాలంటే, ఆ చలికాలాల్లో పిచ్చెక్కకుండా మమ్మల్ని కాపాడింది అదే. మావారు, ఆయనతోపాటు కార్ల ప్లాంటులో ఒకే లైన్లో పనిచేసే కర్నూలు అన్నయ్యగారు, మా వీధి చివర ఉండే వరంగల్ మరిది, నేను, వెరసి నలుగురం. మరిదంటే చుట్టం కాదు, నన్ను వదినా అని పిలిచేవాడు కాబట్టి మరిదయ్యాడు. ఈ దేశంలో మన చుట్టరికాలన్నీ అలా కలుపుకున్నవేగా. మా ఆటకు పందెం ఒక్కటే. కలవని ముక్కల కౌంటు ఎక్కువ తేలి ఓడినవాళ్ళు పార పట్టుకుని వెళ్ళి మా వాకిట్లో మంచంతా ఎత్తిపొయ్యాలి.

ఓ పక్కన ఇండియన్ కొట్లో అద్దెకు తెచ్చిన కేసెట్టు తిరుగుతూనే ఉండేది, కాపీకి కాపీ తీసి తీసి హీరోయిన్ ముఖం ఆకుపచ్చగా మారిపోయి. అన్నయ్యగారిది ఒక హీరో, మావారిది ఇంకొక హీరో. ఆ హీరోలిద్దరూ అక్కడ హాయిగా ఉంటే వీళ్ళిద్దరూ ఇక్కడ వాళ్ళ కోసం గొంతులు చించుకునేవారు. మావారు హీరో కంటే ముందే డైలాగు చెప్పేస్తూ, ఎవరు ఏ ముక్క పడేశారో, ఎవరు ఏది ఎత్తారో మొదటినుంచీ అప్పజెప్పేవారు. నేను ఆయన చేతి కింద కూర్చునేదాన్ని, అంటే ఆయన పడేసిన ముక్క నాకు పనికొస్తే ఎత్తుకోవచ్చన్నమాట. అన్నేళ్ళ కాపురంలో ఆ మహానుభావుడు నాకు పనికొచ్చే ముక్క ఒక్కటి పడేస్తే ఒట్టు.

అలాంటి మనిషి, రిటైరైన కొన్నాళ్ళకు, ఓ శనివారం జోకరు పడేశారు. ఏ ముక్కకు బదులైనా పనికొచ్చేది జోకరు. ఆట నేర్చుకున్న మొదటిరోజు కూడా దాన్ని ఎవరూ పడెయ్యరు. పైగా పడేసిన జోకర్ని ఇంకెవరూ ఎత్తకూడదని రూలు, అది ఎవరికీ కాకుండా బల్ల మీద అలా పడి ఉంది. పరధ్యానమన్నారు అన్నయ్యగారు. నేనూ అలాగే అనుకోవాలని చూశాను.

తర్వాత డాక్టరు ఆ జబ్బుకు పేరు చెప్పాడు. కారు తాళాలు దాచేశాను, పొయ్యి దగ్గరకు రానివ్వడం మానేశాను. ఒక్కొక్కటే ఆయన చేతుల్లోంచి లాగేసుకుంటూనే, ఆ బల్ల దగ్గర ఆయన కుర్చీ మాత్రం పోనివ్వకూడదని పట్టుబట్టాను, ఎందుకంటే ఇక ఆయనకు మిగిలింది అదొక్కటే. వారం వారం ఆయనే ఓడేవారు, వద్దన్నా వినకుండా పార పట్టుకుని వెళ్ళేవారు. ఓసారి ఎందుకొచ్చారో మరిచిపోయి ఆ చలిలో పార పట్టుకుని అలాగే నిలబడిపోయారు. మరుసటి వారం నుంచి మిగతా ఇద్దరూ కావాలని ఓడిపోవడం మొదలుపెట్టారు. ఎక్కువ కౌంటుండే రాజుల్నీ రాణుల్నీ చేతినిండా పెట్టుకుని, నేను ఆట ముగించి షో అనగానే అయ్యయ్యో అంటూ నెత్తి కొట్టుకునేవారు. గెలుపు కోసం కొట్టుకునే మగవాళ్ళను చాలామందిని చూశాను గానీ, ఓటమి కోసం అంత పోటీపడ్డవాళ్ళను మళ్ళీ చూడలేదు.

ఇక ఆ ఆఖరి శనివారం. ఆయన మళ్ళీ జోకరు పడేశారు. నా చేతిలోనూ ఒకటుంది. ఆయన చేసింది తప్పని ఆయనకు అనిపించకూడదన్న ఒక్క తాపత్రయంతో దాని మీద నాదీ పడేశాను. అన్నయ్యగారు నా వంక ఓసారి చూసి, తన జోకరూ తీసి పడేశారు. పాపం, మరిది దగ్గర జోకరు లేదు. చక్కగా కూర్చిపెట్టుకున్న వరసలోంచి ఒక ముక్క పీకి పడేశాడు.

మావారు ఆ ముక్కల వంక చాలాసేపు చూశారు, తర్వాత మా ముఖాల వంక చూశారు.

“నా కోసం ఇంత పాడు ఆట ఆడుతున్నారా?” అన్నారు, ఎన్నాళ్ళకో తన పాత గొంతుతో.

“అట్లేం లేదన్నా,” అన్నాడు మరిది, తల దించుకునే.

“అబద్ధాలు చెప్పకు. మంచు నేనే ఎత్తుతాలే.”

చేతిలో ముక్కలు బోర్లించి పెట్టి, కోటు తొడుక్కుని వెళ్ళిపోయారు. బొత్తాలైనా పెట్టుకోకుండా ముగ్గురం వెనకే పరిగెత్తాం. ఉన్నది ఒక్కటే పార. అది ఆయన ఎవరికీ ఇవ్వలేదు. మేం దొరికిన బకెట్టుతోనూ అట్టపెట్టెతోనూ తోడి పోశాం. నేను ఏడుస్తూనే ఎత్తాను, దాచుకోవాలని కూడా అనిపించలేదు. ఆ తర్వాత ఎంత పిలిచినా ఆయన ఆ బల్ల దగ్గర కూర్చోలేదు, మీరు ఆడుకోండి అనేవారు. ఆయన లేని ఆట మాకెందుకు?

ఆయన పోయారు. అన్నయ్యగారు కూతురి దగ్గరికి కాల్గరీ వెళ్ళి అక్కడే పోయారు. మరిది మా వీధి వదిలి ఓక్‌విల్‌లో ఉన్నాడు, ఫోను చేస్తాడు. మోకాళ్ళ గురించీ మందుల గురించీ మాట్లాడుకుంటాం గానీ పేక మాట ఇద్దరం ఎత్తం. వాళ్ళు గొంతులు చించుకున్న ఆ హీరోలూ ఇప్పుడు లేరు.

ఇది రాస్తుండగానే కాంట్రాక్టువాళ్ళ మిషను వచ్చి, బర్రుమని అటూ ఇటూ తిరిగి, వాకిలంతా నున్నగా తోసేసి వెళ్ళిపోయింది. నేను కుర్చీలోంచి లేవనైనా లేదు. సుఖంగానే ఉంది, కాదనను. కానీ ఆ మంచు కోసం ఇప్పుడు ఎవరూ ఓడిపోనక్కర్లేదు, ఓడిపోయేవాళ్ళూ నాకిక ఎవరూ లేరు.