జీపు సీటు కింద బుడబుక్క

పొన్నూరులో ఒక రైసు మిల్లు వెనకాల, ఊక గుట్ట పక్కన పడి ఉన్న పాత జీపును కొన్నప్పుడు నాకు స్పానరు పట్టుకోవడం కూడా సరిగా రాదు. తెనాలిలో జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. కప్పను కోసి చూపించే చేతులకు ఇంజను విప్పి చూడాలనే కోరిక ఎందుకు పుట్టిందో ఇప్పటికీ తెలియదు. మా ఆయన మాత్రం, "వాకిట్లో పెట్టకపోతే చాలు" అన్నారు.

అందుకని నందివెలుగు రోడ్డులో ఒక మెకానిక్ షెడ్డులో పెట్టించాను. అక్కడి పెద్దాయన్ని నేను బాబాయ్ అనేదాన్ని. ఆయన నన్ను మేడం అనడం మానలేదు. ఆదివారాలు ఇద్దరం ఒక్కొక్క భాగం విప్పి, డీజిలుతో కడిగి, గోనెపట్టా మీద ఆరబెట్టేవాళ్లం.

వెనక సీటు పీకినప్పుడు దాని కింద ఓ ఇనుప వస్తువు బయటపడింది. రెండు చివర్లా వెడల్పు, నడుము సన్నం. అచ్చం బుడబుక్కలా ఉంది. ఒకవైపు బోల్టులు పట్టే కన్నాలు.

"ఇదేంటి బాబాయ్?"

ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు. "జీపుతో వచ్చింది కాదండి. ఎవరో చేయించుకున్నారు. పాత ఇనుముకి వేసేద్దాం మేడం."

నేను వెయ్యనివ్వలేదు. ఆ కన్నాలు వెనక చక్రం బోల్టులకు సరిగ్గా సరిపోయాయి. చక్రానికి దీన్ని బిగించుకుని ఎవరేం చేస్తారు? ఆ తర్వాత ఛాసిస్ లోపల పుల్ల పెట్టి గీకితే ఇసుక రాలింది. అందులో గోరంత చిప్పలు. కాలేజీకి పట్టుకెళ్లి లెన్సు కింద చూశాను. కాలవ బురదలో బతికేవి కావు, సముద్రానివి. ఇక నిద్ర పట్టలేదు.

మిల్లాయన్ని అడిగితే రేపల్లెలో కొన్నానన్నాడు. రైలెక్కి రేపల్లె వెళ్లాను. అంతకుముందు జీపును వాడినాయన రొయ్యల చెరువుల దగ్గర కనిపించాడు.

"బాపట్ల అవతల, సముద్రంలో చేపల వేటకెళ్లేవాళ్ల దగ్గర కొన్నానండి. ఆ ముక్కేంటో నేనూ అడగలా."

"అన్నేళ్లు సీటు కింద పెట్టుకుని కూడానా?"

"పారెయ్యబుద్ధి కాలేదండి, అంతే."

ఆ మరుసటి వారం బాపట్ల అవతలి పల్లెకు వెళ్లాను. ఫోనులో ఫోటో చూపిస్తూ తిరిగితే, ఇసుకలో చేపలు ఎండబెడుతున్న ఒక పెద్దావిడ దగ్గరికి పంపారు. ఆవిడ ఫోటో చూసి పకపకా నవ్వింది.

"ఓసోసి, మా బుడబుక్కే! ఇంకా ఉందా?"

నేను పెట్టిన పేరే ఆవిడ నోట విని నాకూ నవ్వొచ్చింది. "దీంతో ఏం చేసేవాళ్లు పిన్నీ?"

"పడవని ఒడ్డుకి లాగేవాళ్లం. జీపుని సరుగుడు చెట్టుకి కట్టేసి, ఒక్క చక్రం జాకీ మీద లేపి, దానికి ఇది బిగించేవాడు మా ఆయన. చక్రం తిరిగితే తాడు దీనికి చుట్టుకునేది. కొస నేను పట్టుకునేదాన్ని." ఓ చేపను తిరగేసింది. "ఆయన పోయి చాలా కాలమైందమ్మా. ఇప్పుడన్నీ ట్రాక్టర్లే."

జీపుకు రంగు వేయడం పూర్తయ్యాక బాబాయ్‌ని వెంటబెట్టుకుని, దాన్ని నడుపుకుంటూ ఆ ఒడ్డుకే వెళ్లాను. పిన్ని తమ్ముడి పడవ నీళ్లంచున ఉంది. ఆవిడ చెప్పినట్టే జీపును చెట్టుకు కట్టి, చక్రం లేపి, బుడబుక్క బిగించి, పడవకు కట్టిన తాడును దానికి ఒక చుట్టు చుట్టాం. బాబాయ్ ఫస్టు గేరు వేశాడు. తాడు జర్రున జారిపోయింది.

"ఒక చుట్టుకి ఆగుద్దా? ఇంకో రెండు వెయ్యండి!" అంటూ చీర చెంగు దోపి, కొస ఆవిడే పట్టుకుంది.

ఈసారి తాడు బిగుసుకుంది. నేలకు అతుక్కున్నట్టున్న పడవ మూలిగి, కదిలి, ఇసుక మీదికి పాకుతూ వచ్చింది. బాబాయ్ ఇంజను ఆపి, "లాగిందండోయ్!" అని అరిచాడు. నేను చప్పట్లు కొట్టాను.

బుడబుక్క ఊడదీసి, కట్లు విప్పి, జాకీ దించుతుంటే ఆవిడ స్టీరింగు వైపు చూసింది.

"ఎప్పుడూ వెనక తాడు దగ్గరే నిలబడ్డానమ్మా. అక్కడ కూర్చుంటే ఎలా ఉంటదో తెలీదు."

"ఎక్కు పిన్నీ."

పక్కన కూర్చుని క్లచ్ చూపించాను. మొదటిసారి జీపు ఎగిరి ఆగిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి కదిలి, మెల్లగా తడి ఇసుక మీద సాగింది.

"బ్రేకు ఏదమ్మాయ్?" అంది ఆవిడ, కాలు మాత్రం దాని మీద పెట్టకుండా.